వంటింటి స్టూలు

మొదటి భార్య స్టూలెక్కినప్పుడల్లా "కాస్త పట్టుకోండి, పడిపోతాను" అని బతిమాలేది. "పొట్టిదానికి పుట్టెడు బుద్ధులు" అని అతను వెక్కిరించేవాడు. ఒకనాడు కోపంకొద్దీ కావాలనే వదిలేశాడు. కాలుజారి పడి చనిపోయిందని అందరూ నమ్మారు. పైవాడూ నమ్మాడనుకున్నాడో ఏమో మరి.

కొత్త భార్య కోసం వంటింటికి కొత్త కప్‌బోర్డులు తెచ్చాడు. ఆ రాత్రి అదే స్టూలెక్కి, బరువైన కప్‌బోర్డును రెండు చేతులా తలపైకెత్తి గోడకు ఆనించాడు. ఒక్క స్క్రూ అయినా బిగించకముందే స్టూలు ఊగింది.

"గట్టిగా పట్టుకోవే!"

ఊగడం ఆగిపోయింది.

"నన్ను పిలిచారా?" అంది కొత్త భార్య, మేడమీద నుంచి.

అతను చేతులు దించలేడు, కిందికి చూడలేడు.

"పొట్టిదాన్నే కానీ నా పట్టు గట్టిదేనండీ," అంది స్టూలు కాళ్ల దగ్గర నుంచి ఒక గొంతు. "వదిలెయ్యమంటారా?"