ఏడో బాయి

"అవ్వా, మీ బాయిల ఒక్కసారి తొంగిచూసి పోత."

గేటు కాడ నిలబడ్డ మనిషిని బాలలక్ష్మి కింది నుంచి మీది దాంక చూసింది.

ఎన్నడు చూడని మొఖం. పాత మోపెడ్ ఎనక చీపురుకట్టలు. ఎడమ చేతికి తువ్వాల చుట్టుకున్నడు.

"బాయిల ఏమున్నది నాయినా, చూసేతందుకు?"

"నిన్న కుక్క కరిసింది అవ్వా. ఏడు బాయిలు చూస్తే ఇసం దిగుతదంటరు గదా. ఆరు చూసిన. ఇప్పుడు బాయిలు యాడున్నయి? అన్ని పూడ్చి బోర్లేసిన్రు."

కుక్క అనంగనే బాలలక్ష్మికి తన కోళ్లు యాదికొచ్చినయి.

ఆమెకు కోళ్లంటే పానం. ఊకెనే గాదు. పెండ్లయి అక్కన్నపేట నుంచి అత్తగారింటికి వచ్చిననాడు, తల్లి ఆమె సంకల ఒక పెట్టను పెట్టి పంపింది. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు... సిద్దిపేటల చుట్టుముట్టు బంగ్లాలు లేసినా, ఆ సంతతి ఇంటెనక దొడ్లె ఇంకా గింజలేరుకుంటనే ఉన్నది.

పక్కింటి దామోదర్ రెండు కుక్కలు తెచ్చి ఇడిసిపెట్టినకాడికెల్లి కోళ్లు ఒక్కొక్కటే తగ్గుకుంట వచ్చినయి.

ఎన్ని తీర్ల చెప్పింది!

"కుక్కల కట్టేసుకో కొడుకా."

"నీ కోళ్లనే కట్టేసుకో పెద్దమ్మా."

"ఓరి నీ తెలివి తెల్లారా! కోడిని తాడేసి కట్టంగ ఏడన్న చూసినవురా?"

నిన్న కోడలు ప్రసూనతోని వర్గల్ గుడికి పోయి వచ్చేసరికి ఎర్రపుంజు లేదు. దొడ్లె అంతట ఈకలు, నెత్తురు. ఒక్క పిల్లలకోడి మాత్రం పిల్లలను రెక్కల కింద దాసుకొని మూలకు ఒణుక్కుంట కూసున్నది. బాలలక్ష్మి పొద్దుగూకేదాంక ఏడ్సింది.

"నిన్ననా? ఎవరి కుక్క?"

ఆయన పక్కింటి దిక్కు చూసిండు.

"నా ఇంటెనక బాయి ఉన్నదని నీకెవరు చెప్పిన్రు? బజారుకెల్లి కనవడది గదా?"

తలకాయ కిందికేసిండు.

"అగో! దొడ్లకు దుంకినవన్నట్టు! నా పుంజును ఎత్కపోయింది నువ్వేనన్నట్టు!"

ఆ లొల్లికి దామోదర్ నోట్లె బ్రష్షుతోనే బయటికొచ్చిండు.

"నేను చెప్పలేదా పెద్దమ్మా? నా కుక్కలు ఊకెనే ఎవ్వర్ని కరువయి. దొంగను చూస్తే ఇడిసిపెట్టయి." ఉరికొచ్చి కాలర్ పట్టిండు. "ఏంరా, పుంజును కూరండుకున్నవా, అమ్ముకున్నవా?"

ఆ మనిషి ఏదో చెప్పబోయిండు. ఏడ్సి ఏడ్సి ఉబ్బిన బాలలక్ష్మి కండ్లు చూసి ఆగిండు.

"తప్పయింది అవ్వా" అన్నడు.

"ఇన్నవా పెద్దమ్మా? ఒప్పుకున్నడు!"

"బాయి ఒక్కటి చూసి పోత అవ్వా."

"దొంగకు నా బాయి చూపియ్య. నడువ్!"

గేటు దడేల్న ఏసింది.

ప్రసూన పిండి చేతులతోనే బయటికొచ్చింది. "అత్తమ్మా, దొంగైతే అయిండు. బాయిలు చూస్తే ఇసం దిగుతదా? దవాఖానకు పోయి సూది ఏయించుకొమ్మని చెప్పకపోయినవా?"

అప్పటికే మోపెడ్ సందు తిరిగింది.

కొద్దిరోజులకే దామోదర్ పెద్దకుక్క చొంగ కార్సుకుంట గోడలు కొరుకుడు వెట్టింది. అన్నం పెట్టబోతే దామోదర్‌నే కరిసింది. తెల్లారేసరికి సచ్చింది.

డాక్టరు పిచ్చి అన్నడు. దామోదర్ ఇంటిల్లిపాది సూదుల కోసం ఉరికిన్రు.

బాలలక్ష్మి గోడ కాడికి ఉరికింది.

"దామోదరూ, మరి గా చీపుర్లాయన?"

"దొంగోని సంగతి మనకెందుకు పెద్దమ్మా?"

"దొంగోనిది పానం గాదార? ఒక్క కోడి తిన్నందుకు మనిషి సావాల్నా?"

ఆనాటి నుంచి చీపుర్లమ్మేటోళ్లు ఎవరు కనవడ్డా ఆపింది. కూరగాయల మార్కెట్ల అడిగింది, బస్టాండు కాడ అడిగింది. పేరు తెల్వది, ఊరు తెల్వది. "చేతికి తువ్వాల కట్టుకున్నడు బిడ్డా" అని చెప్పుకుంట తిరిగింది.

నెల దాటినంక ఒకామె గుర్తువట్టింది. "గాయన మా కొండపాక దుబ్బయ్య గాదు?"

ప్రసూన స్కూటీ ఎనక కూసొని బాలలక్ష్మి తొవ్వంత ఒక్కటే మొక్కు మొక్కింది. తల్లీ, వాడు పానంతోని ఉండాలె.

దుబ్బయ్య ఇంటి ముంగట టెంటు ఏసి ఉన్నది.

బాలలక్ష్మి స్కూటీ దిగి ఆడనే నిలబడ్డది.

లోపల దుబ్బయ్య భార్య గోడకు ఒరిగి కూసున్నది. "యాడికెల్లి వచ్చిన్రు అవ్వా?"

"సిద్దిపేటకెల్లి బిడ్డా. మీ ఆయనను కరిసిన కుక్కకు పిచ్చి లేసింది. సూది ఏయించుకొమ్మని చెప్దామని..."

"మొన్న పోయిండు అవ్వా. నీళ్ల చెంబు చూస్తెనే ఒణికిండు."

"సూది ఏయించుకోలేదా?"

"ఏడు బాయిలు చూసిన, ఇగ ఏం గాదన్నడు. నేను నమ్మిన."

ఏడో బాయి చూపియ్యకుండ గేటేసింది బాలలక్ష్మినే. దుబ్బయ్య భార్యకు ఆమె ఎవరో తెల్వదు. కొంగుతోని మొఖం తుడుసుకుంట చెప్పుకుంట పోయింది.

"చీపుర్లు అమ్ముకుంట పోతుంటె గోడ అవతల కోళ్లు ఒర్రుతున్నయట. గోడ దుంకిండు. పిల్లలకోడిని కుక్క నోట్లెకెల్లి గుంజంగ, చెయ్యి దొరికిచ్చుకున్నది."

ప్రసూన అడిగింది, "మరి ఆ ఇంటోళ్లకు గీ ముచ్చట చెప్పొద్దా ఆయన?"

"నేను గదే అడిగిన అక్కా. 'ఆ ముసలవ్వ పుంజు కోసం ఏడుస్తున్నదే, దాన్ని ఇడిపియ్యలేకపోయినోన్ని, ఏం మొఖం పెట్టుకొని చెప్పుకోవాలె' అన్నడు."