బాతు నడుము

తొలి వాన పడే రోజు చెరువు గట్టున జరిగే నాట్యానికి బాతు పేరిచ్చింది.

"నడుము ఊగకుండా ఆడితేనే ఒప్పుకుంటాను," అన్నాడు నాట్యం నేర్పే కొంగ మాస్టారు. జమ్ముగడ్డి తాడుతో ఆమె నడుము బిగించి కట్టాడు. బాతు రెండడుగులు వేసి బురదలో బోర్లా పడింది.

"మరి నెమలిగారు నిలువెల్లా ఊగుతారు కదండీ?"

"అది లాస్యం. నీది కులుకు. చెరువు పరువు పోతుంది."

"నా నడకే అంతండీ. మా అమ్మ నడకా అంతే."

బాతు ముక్కుతో తాడు తెంపి మాస్టారి మెడలో వేసింది.

"చెరువు పరువంతా తెచ్చి నా నడుముకే ఎందుకు కట్టారు మాస్టారూ? బరువుగా ఉంది. కాసేపు మీరు మొయ్యండి."

మొదటి చినుకు పడింది. బాతు ఊగుతూ ఆటలోకి దిగింది. ఏళ్లుగా ఒడ్డున కూర్చుని చూస్తున్న ఆడబాతులు ఒక్కొక్కటే లేచాయి.