ఎడమ రెప్ప

ఆపరేషన్ బల్ల దాకా వచ్చి తిరుపతమ్మ వద్దంది.

డాక్టరు కృపామణికి కోపం వచ్చింది. వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. పోయిన ఏడాదీ ఇంతే, అంతకు ముందేడూ ఇంతే. వాలిన రెప్పలు ఎత్తి కుడతారని చాటింపు వేయించగానే ఈ గురజాల మనిషి నరసరావుపేట మిషన్ ఆసుపత్రికి వస్తుంది. చీటీ రాయించుకుని పొద్దస్తమానం వరండాలో కూర్చుంటుంది. తీరా పిలిస్తే లేచిపోతుంది. ఎడమ రెప్ప కంటి మీదికి సగం దిగి ఉంటుంది గానీ చూపుకి లోటేమీ లేదు. చేయించుకుంటే ముఖం బాగుపడటానికే.

"భయపడుతున్నట్టుంది, నువ్వు కూర్చోబెట్టి చెప్పు," అని కొత్తగా వచ్చిన నర్సు నిర్మలకి అప్పగించి, ఇంకొకరిని పిలిచింది డాక్టరమ్మ.

తిరుపతమ్మకి భయం లేదు. నలభై దాటాక అందం మీద ఆశా లేదు. ఆమె వచ్చేది వరండాలో కూర్చున్నవాళ్ళ మొహాలు చూడటానికి. రెప్పలు వాలిన వాళ్ళంతా ఒక్కచోట చేరేది ఏడాదికి ఈ రెండు రోజులే. ఈసారి పదకొండు మంది వచ్చారు. అంతా ముసలివాళ్ళూ మగపిల్లలే. ఆమె వెతికే మొహం లేదు.

నిర్మల ఆమెను కిటికీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పుకొచ్చింది. సూది మందు వేసేటప్పుడు చురుక్కుమంటుందనీ, ఆ తర్వాత రెప్పని లాగుతున్నట్టు తెలుస్తుందే గానీ నొప్పి ఉండదనీ, మర్నాటికి కన్ను వాచి కమిలిపోతుందనీ, అప్పుడు అద్దం చూసుకుంటే ఎందుకు చేయించుకున్నానా అని ఏడుపొస్తుందనీ చెప్పింది. అయిదో రోజున కుట్లు విప్పుతారట. నెల దాకా నిద్రలో కన్ను పూర్తిగా మూతపడదట. పొయ్యి పొగ తగలనివ్వకూడదట. రెండు కళ్ళూ అచ్చం ఒక్కలాగే కుదురుతాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దంది.

అంత నెమ్మదిగా తనకెవరూ ఏదీ చెప్పి ఎరగరు. ఆ పిల్లని ఏదో ఒక అబద్ధంతో సరిపెట్టి వెళ్ళిపోవడానికి తిరుపతమ్మకి మనసు రాలేదు.

"నాకు ఆపరేషన్ వద్దమ్మాయ్," అంది. "ఈ కన్ను ఇట్టాగే ఉండాల. నా బిడ్డకి ఇదే ఆనవాలు."

"మీ బిడ్డకేమైంది పెద్దమ్మా?"

తిరుపతమ్మ చెప్పింది. మాచర్లకి కొత్తగా రైలు వచ్చిన ఏడు అది. పిల్లకి ఏణ్ణర్ధం. దానికీ ఎడమ రెప్పే వాలింది. ఇంటికి ఒక్క వాలిన కన్ను చాలదా అని అత్త దెప్పుతుండేది. తను విషజ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నప్పుడు, ఆవిడ పిల్లని రైలెక్కించి తీసుకొచ్చి, ఈ ఊరి స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టి, ఒట్టి చేతులతో తిరిగి వెళ్ళింది. జ్వరం తగ్గి లేచేసరికి పిల్ల పోయిందన్నారు. తిరుపతమ్మ నమ్మి ఏడ్చింది. అత్త అసలు సంగతి బయటపెట్టింది మూడేళ్ళ కిందట, మంచాన పడి ప్రాణం పోయే ముందు.

"ఇప్పుడు ఇరవై ఏండ్ల పిల్లయి ఉంటది," అంది తిరుపతమ్మ. "పేరు మారుంటది, ఇల్లు మారుంటది. మారనిది ఆ రెప్పొకటేగా. ఎప్పుడో ఒకప్పుడు బాగుచేయించుకోడానికి ఇక్కడికి రాకపోద్దా అని."

లోపలి నుంచి డాక్టరమ్మ పిలిచింది. నిర్మల కదల్లేదు. పనిలో ఉన్న మనిషిని నిలబెట్టేశానని తిరుపతమ్మకి నొచ్చింది. మళ్ళీ ఏడు వస్తానని చెప్పి, మూట చంకన పెట్టుకుని లేచింది.

నిర్మల ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె చూపుడు వేలు తీసుకుని తన ఎడమ రెప్ప మీద, మడతలో కలిసిపోయిన సన్నటి గీత మీద ఆనించింది.

"నన్ను ఆ స్టేషన్ బల్ల మీంచే మిషన్ వాళ్ళు తెచ్చుకున్నారంట," అంది. "గుంటూర్లో చదివేటప్పుడు, స్వరాజ్యం వచ్చిన ఏడు, ఈ రెప్ప ఎత్తి కుట్టారమ్మా."