కోటిలింగం చావు సీను

“నన్నెందుకు చంపతా ఉండారు డైరెక్టరు గారూ? నేనేం పాపం చేసినాను?”

కోటిలింగం అలా అడిగేసరికి తొండియార్‌పేట వీధిలో పాడె కడుతున్నవాళ్ళు కూడా చేతులాపి చూశారు. డైరెక్టర్ భరత్ తల పట్టుకున్నాడు.

“మిమ్మల్ని కాదు మాస్టారూ, సినిమాలో మీ పాత్రని. రెండు గంటలు నవ్వించి ఆఖర్న ఏడిపిస్తేనే జనానికి గుర్తుంటుందండీ.”

“తీస్తా ఉండేది నా కతే గదా? నేను బతికే ఉండానే.”

“అదేనండీ మన ఇబ్బంది.”

మద్రాసు తెలుగువాళ్ళ పెళ్ళి రిసెప్షన్లలో మైకు పట్టుకుని ఒంటరిగా నిలబడి జనాన్ని నవ్వించడం కోటిలింగం పని. అరవై దాటినా గొంతు తగ్గలేదు. ఆయన జీవితాన్ని కామెడీ సినిమాగా తీస్తామంటే ఉబ్బి తబ్బిబ్బై సరేనన్నాడు. పొద్దున వచ్చి పాడె చూసేదాకా క్లైమాక్స్ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

“సినిమా ఆడిందనుకో నాయనా, పురసవాక్కం కల్యాణ మంటపాల్లో నన్ను తలుచుకోని అయ్యో పాపం అంటారు. అంతే. పోయినోణ్ణి ఎవురైనా పెళ్ళికి పిలస్తారా?”

అది నవ్వించడానికి అన్న మాట కాదు. ఆయనకు నిజంగానే భయం వేసింది. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. నాలుగు రోజులు మైకు దొరక్కపోతే అన్నం సహించని మనిషి.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. కోటిలింగం వేషం వేస్తున్న హీరో శ్రీకుమార్ శవంగా పడుకోనన్నాడు. వచ్చే నెలలో తన పెళ్ళి పెట్టుకుని ఇలాంటి పని చేస్తే వాళ్ళమ్మ ఊరుకోదట. భరత్ దిక్కులు చూశాడు. అందరి చూపులూ తిరిగి తిరిగి అసలు మనిషి మీద ఆగాయి.

“సరే, నేనే పడుకుంటా” అన్నాడు కోటిలింగం.

అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన లెక్క ఆయనకుంది. చావు దగ్గర జనం ఏడవాలి. ఏడవనివ్వకపోతే సీను ఎట్లా అవుతుంది? పెదవి కదలకుండా మాట్లాడడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ముక్కుల్లో దూది పెట్టి వీధిలో బల్ల మీద పడుకోబెట్టారు. కోటిలింగం కళ్ళు మూసుకున్నాడు. “యాక్షన్” అనగానే భార్య వేషం వేసిన భువనేశ్వరి గొల్లుమంటూ వచ్చి ఆయన రొమ్ము మీద పడింది.

“మెల్లిగా తల్లీ,” శవం గొణిగింది. “గుండె ఆగింది గానీ చక్కిలిగింత ఆగలా.”

భువనేశ్వరి కిసుక్కుమంది. భరత్ కట్ చెప్పాడు.

మళ్ళీ మొదలు. ఈసారి ఆడవాళ్ళు శవానికి స్నానం చేయించడానికి బిందె ఎత్తారు.

“బిందెడు లారీ నీళ్ళు నాకొక్కడికేనా? ముందే చెప్పుంటే ఎప్పుడో చచ్చుందును గదా.”

వాళ్ళు బిందె కింద దించి మరీ నవ్వారు. తెల్లారి నీళ్ళ లారీ కోసం వరసలో నిలబడి తోసుకుని వచ్చినవాళ్ళే వాళ్ళంతా. భువనేశ్వరి ఏడుస్తూ నవ్వి, నవ్వలేక ఏడ్చింది. కట్ చెప్పిన భరత్ కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అయినా అతను వదల్లేదు. నీళ్ళొద్దు, నోట్లో బియ్యం వేయండి అన్నాడు. “రాళ్ళుండాయే, రేషన్ బియ్యమా?” అంది శవం. అదీ కాదు, పాడె మీద వేసి ఎత్తండి అన్నాడు. “మీటరేసినారా నాయనా, మీటరుకు పైన ఏమన్నా అడగతారా?” అంది శవం. ఆటోవాళ్ళతో రోజూ వేగే మనుషులు, నవ్వు ఆపుకోలేక పాడెను మళ్ళీ నేల మీద పెట్టేశారు.

షూటింగ్ చూడ్డానికి పెరంబూరు నుంచి కూడా వచ్చి చేరినట్టున్నారు జనం. కళ్ళు మూసుకునే ఉన్నా, నవ్వు వీధి చివరిదాకా వెళుతున్న సంగతి కోటిలింగానికి తెలుస్తూనే ఉంది. ఇంత నవ్వు ఆయన ఏ పెళ్ళిలోనూ వినలేదు. రిసెప్షన్లలో సగం మంది కళ్ళు భోజనాల హాలు వైపే ఉంటాయి.

చివరికి భరత్ “ప్యాకప్” అన్నాడు.

కోటిలింగం దూది పీకేసి పాడె మీద లేచి కూర్చున్నాడు. గెలిచానన్న సంతోషంతో ఒళ్ళు తేలికైంది. డైరెక్టరు మండిపడతాడనుకుంటే, దగ్గరికొచ్చి ఆయన కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు. పాపం, ఓడిపోయినా మర్యాద తెలిసిన కుర్రాడు అనుకున్నాడు కోటిలింగం.

లేవబోతుంటే, నెరిసిన మీసాల కెమెరా అసిస్టెంటు సుబ్బన్ గబగబా వచ్చి అడ్డుపడ్డాడు.

“లేవబాకండి సార్. కెమెరా చూసి ఒకసారి నవ్వండి. చావు సీను అయిపోయినాక ఆ నవ్వే షాటు తియ్యాల. అప్పుడే దిష్టి పోతుంది.”

“నాకు తెలీందా సుబ్బన్? అది సీను ఓకే అయినోళ్ళకు గదా. నాది కాలేదే.”

సుబ్బన్ దగ్గరికి వంగాడు. “ఆ బిందె టేకే ఓకే సార్. మీ మాటలు ఫిలిములో పడవు, ఎట్లాగూ డబ్బింగే గదా. ఇట్లాంటి మనిషిని జనం నవ్వతానే సాగనంపాల, ఇదే నా క్లైమాక్స్ అనేసినారు డైరెక్టరు.”

“మరి ఆ తర్వాత బియ్యమూ, పాడే... అంతసేపు తీసినారే?”

“అప్పుడు కెమెరాలో ఫిలిమే లేదు సార్. మీరు ఇంకా ఏం చెప్తారో విందామని డైరెక్టరే ఒక్కో తంతూ పెట్టిస్తా వచ్చినారు.”