తెలుపు పట్టని కొవ్వొత్తి

"మళ్ళా తెలుపెక్కిందమ్మే," అంది నాగులమ్మ, కొవ్వొత్తి పోసిన గాజు గ్లాసుని కిటికీ వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూస్తూ.

కోమలి అటు చూడలేదు. చూడకుండానే తెలుసు. నున్నగా వెన్నలా పోసిన సోయా మైనం తెల్లారేసరికి పైన ఉప్పు పూసినట్టు పొర కట్టేస్తుంది. పాకాలలో డిసెంబరు చలి అలాంటిది. కొవ్వొత్తులు చేసేవాళ్ళు దాన్ని ఫ్రాస్టింగ్, అంటే మంచు పట్టడం అంటారు. వెలిగిస్తే ఏ తేడా ఉండదు, చూపుకే లోపం. మామూలు రోజుల్లో అయితే పోతే పోనీలే అనుకునేది. ఇప్పుడు ఆ తెలుపు కంటబడితే చాలు, మొహం తిప్పేసుకుంటోంది.

ఎందుకంటే ఆమె మొగుడు విజయ్ కుమార్ మంచు కింద ఉన్నాడు.

సరిహద్దు కొండల్లో మంచుచరియ విరిగిపడి అతనితో పాటు కొందరు జవాన్లు కనబడకుండా పోయారని ఆదివారం సైన్యం నుంచి ఫోను వచ్చింది. వెతుకుతున్నాం అన్నారు. ఆ సంగతి అత్తకి చెప్పలేదు. నాగులమ్మకి ఈ మధ్యనే గుండెకి స్టెంటు వేశారు. "పెద్దామెకి ఏ చెడ్డమాటా చెవిన పడనీకండి, తట్టుకోలేదు" అని తిరుపతి డాక్టరు గట్టిగా చెప్పి పంపించాడు. మొగుడి ప్రాణం దేవుడి చేతిలో ఉంది. అత్త ప్రాణం మాత్రం తన చేతిలో ఉంది. అది కూడా పోగొట్టుకుంటే ఇంక తనకంటూ ఎవరూ మిగలరు. అందుకే టీవీ వైరు తనే పీకేసి, కోతులు తెంపాయని చెప్పింది. పరామర్శకొచ్చిన చర్చి ఆడవాళ్ళని గేటు దగ్గరే ఆపి, పాటల ప్రాక్టీసుకి పిలవడానికొచ్చారని అబద్ధమాడింది. ఏడుపొస్తే బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చింది. పొయ్యి ఆపితే అనుమానం వస్తుందని, క్రిస్మస్‌కి ఒప్పుకున్న కొవ్వొత్తులు పోస్తూనే ఉంది.

ఒక్క విషయంలో దేవుడు కరుణించాడు. పొద్దున లేస్తూనే "వాడు ఫోను చేసినాడా?" అని ప్రాణం తీసే ముసలమ్మ ఇప్పుడు ఆ ఊసే ఎత్తడం లేదు. దాని బదులు ఈ కొవ్వొత్తుల పిచ్చి పట్టుకుంది.

"ఎందుకమ్మే ఇట్ల అవతాది?"

"గబుక్కున చలి తగిలితే అట్లవతాది అత్తా. మెల్లగా ఆరాల."

"అయితే మెల్లగానే ఆరనీ. మైనం మళ్ళా పొయ్యి."

"తెలుపున్నా బాగానే వెలగతాది. చర్చిలో ఎవురు సూస్తారు?"

"నేను సూస్తా గదా." నాగులమ్మ గ్లాసు కింద పెట్టేసింది. "నాకు తెలుపొద్దు. ఒక్కటన్నా తెలుపు లేకుండా చేసియ్యి."

ముసలితనానికి మొండితనం తోడబుట్టింది అంటారు, ఊరికే అనరు. తెలుపు అపశకునమని ఎవరో నూరిపోసి ఉంటారనుకుంది కోమలి. నిజంగానే శకునమైతే?

మళ్ళీ మైనం కరిగించింది. వేడి మీద పోయకుండా బాగా చల్లారనిచ్చింది. గ్లాసులు వేడినీళ్ళలో ఉంచి, తడి తుడిచి, వెచ్చగా ఉండగానే వత్తులు నిలబెట్టి పోసింది. ఎప్పటిలా సిమెంటు గచ్చు మీద పెట్టబోతే నాగులమ్మ చెయ్యి పట్టుకుంది.

"గచ్చు సల్లగా ఉండాది. ఆగు."

లోపలికి వెళ్ళి తను కప్పుకునే రగ్గు తెచ్చి నాలుగు మడతలేసి పరిచింది. దాని మీద గ్లాసులు పెట్టి, పైన అట్టపెట్టె బోర్లించారు.

"బాగా కప్పమ్మే. యాడా చలి తగలనీయొద్దు," అంది. గోడ పట్టుకుని పెట్టె పక్కనే కూర్చుండిపోయింది. మందులేసుకోలేదేమో అని కోమలికి భయమేసింది.

ఆ పూటంతా నాగులమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. అట్టపెట్టె మీద చెయ్యేసి, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. అన్నానికి పిలిస్తే "నువ్వు తిను" అంది. కోమలీ తినలేదు.

పొద్దు వాలుతుండగా గేటు దగ్గర ఏబెల్ కనబడ్డాడు. పక్కవీధిలో ఉండే మాజీ సైనికుడు. సైన్యంతో ఫోను మాట్లాడే పనులన్నీ ఆయనే చూస్తున్నాడు. ఎప్పుడూ నేరుగా లోపలికొచ్చే మనిషి గేటు బయటే నిలబడిపోయాడు. కోమలికి అక్కడే అర్థమైంది. అయినా వెళ్ళింది.

"దొరికినాడమ్మా," అన్నాడు. తలకి చుట్టుకున్న మఫ్లరు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ప్రాణం లేదు."

కోమలి గేటు ఊచ పట్టుకుంది.

"రేపు పొద్దునకి పెట్టె ఇంటికి తెస్తారు. కొంచేపట్లో తహసీల్దారు వస్తాడు, షామియానా ఏసేటోళ్ళొస్తారు. ఇంక దాచేకి కాదు తల్లీ. డాక్టర్ని పిలుచుకొస్తా. ఆయన పక్కన ఉండంగా చెప్పు మీ అత్తకి."

"ఎట్ల చెప్పేది మామా? ఏమని చెప్పేది?"

ఏబెల్ మఫ్లరు మళ్ళీ చుట్టుకున్నాడు. తల దించుకుని వెళ్ళిపోయాడు.

కోమలి మొహం కడుక్కుని లోపలికి నడిచింది. ఈ ఇంట్లో రెండో చావు తన నోటితోనే జరగబోతోందనుకుంది.

"ఎవురమ్మే?"

"ఏబెల్ మామ."

"ఏమంటాడు?"

కోమలి కొంగుతో మొహం తుడుచుకుంది. నాగులమ్మ మళ్ళీ అడగలేదు. "డబ్బా ఎత్తి సూడు," అంది.

కోమలి వంగి అట్టపెట్టె ఎత్తింది. ఒక్కదానికి తప్ప అన్నిటికీ అంచుల్లో తెలుపు పాకింది. ఆ ఒక్కటి మాత్రం నున్నగా, పాలమీగడ రంగులో, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. నాగులమ్మ దాన్ని రెండు చేతులా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కొంగుతో అంచు తుడిచింది.

కోమలి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "అత్తా, నీకొక మాట చెప్పాల. మనసు గట్టి చేసుకో."

నాగులమ్మ కోడలి తల మీద చెయ్యేసింది.

"వాడి పెట్టె తలకాడ ఇది వెలిగించమ్మే, దీనికి మంచు లేదు."