అచియా పెట్టించిన చావు మేళం

"ఎవరి చావే ఇది?" అని గుమ్మంలోంచే కేకేశాడు తుమాసి.

వాకిలంతా షామియానా. దాని కింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. బాకాలవాళ్ళు బుగ్గలు పూరించి సరిచూసుకుంటున్నారు. ఎర్రవీ నల్లవీ చావు బట్టలు చుట్టుకుని ఆడవాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వచ్చి కూచుంటున్నారు. బాంటమా వీధి వీధంతా అక్కడే ఉంది. కుటుంబానికి పెద్ద అయిన తుమాసికి ఒక్కడికే కబురు లేదు. చూడాలి ఆయన మొహం!

అచియా పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. "వచ్చావా మామయ్యా! కూచో."

"కూచుంటానా? మనింట్లో ఎవరు పోయినా ముందు నాకు చెప్పాలి. సారా సీసా పట్టుకొచ్చి, నా ముందు కూచుని, ఫలానావాళ్ళు పోయారని చెప్పాలి. నేను ఊ అంటేనే మేళం మోగాలి. అలాంటిది చేపలమ్మే మనిషి చెబితే నాకు తెలియాలా, నా మేనకోడలు చావు చేస్తోందని?"

"సీసా కొనే ఉంచాను. శవం రానీ, ఇస్తాను."

"ఇంకా రాలేదా?"

"దారిలో ఉంది. పొకువా తెస్తోంది."

ఆ పేరు వినేసరికి తుమాసికి కోపమంతా జారిపోయింది. పొకువా యూనివర్సిటీలో డాక్టరమ్మ. ఆకులూ బెరళ్ళూ నూరి, ఆడవాళ్ళ రొమ్ములో పుట్టే కేన్సరుకి మందు వెతుకుతూ ఉంటుంది. నాలుగేళ్ళ కిందట అచియా చెల్లెలు బిరాగోని తీసుకుపోయింది ఆ కేన్సరే, అందులోనూ ఏ మందుకీ లొంగని మొండి రకం. ఇదే వాకిట్లోంచి తుమాసి తన చేతుల మీదుగా ఆ పిల్లని సాగనంపాడు. అక్కచెల్లెళ్ళలో ఒకరిని పట్టింది రెండోవాళ్ళ జోలికీ రావచ్చని అప్పుడే విన్నాడు.

అచియా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. "నిజం చెప్పవే తల్లీ. నీకూ వచ్చిందా? బతికుండగానే నీ చావు నువ్వే చేసుకుంటున్నావా?"

"నా చావైతే ఇంత చవగ్గా చేస్తానా? చూడు, బాకాలు రెండే. నాకైతే ఆరు కావాలి."

"పరాచికాలొద్దు! పోయింది మగా, ఆడా?"

"అడగలేదు."

"పేరైనా చెప్పు."

"నా నోటితో అనను. మన తిండి తినే బలిసింది, అంతే చెబుతాను."

కుర్చీలోంచి ఒక ముసలమ్మ అరిచింది. "ఏడవాలో వద్దో తొందరగా తేల్చండి పెద్దయ్యా! ఇవాళ నాకింకో చావుంది."

ఇంతలో టాక్సీ ఆగింది. చేపలు మోసే ఐసు పెట్టెలాంటిది చంకన పెట్టుకుని దిగింది పొకువా.

"ఇందులో శవమా?" అన్నాడు తుమాసి. "చంటిబిడ్డా?"

పొకువా మూత తీసింది. లోపల అరచేతిలో పట్టేంత గాజు గిన్నె. గులాబి రంగు నీళ్ళు. అడుగున ఏదో నలక.

"రొమ్ములోంచి కోసి తీసిన గడ్డ, పెద్దయ్యా. దీనికి తిండి పెట్టి గిన్నెల్లో పెంచాం. ఆస్పత్రి మందు పోస్తే తాగి ఇంకా పెరిగేది. మొన్న అడవి చెట్టు బెరడులోంచి తీసిన సారం పోశాం. చచ్చింది."

"గిన్నెలో ఉన్నదాన్ని చంపడం ఓ గొప్పా? నేను సారా పోసినా చస్తుంది."

పొకువా నవ్వింది. "చస్తుంది. పక్కనున్న మంచి కండ కూడా చస్తుంది. అందుకే మరో గిన్నెలో మంచి కండ పెట్టి, ఇదే సారం, ఇంతే పోశాం. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. మళ్ళీ మళ్ళీ చేసి చూశాం. ఇది మందు కావాలంటే ఇంకా చాలా దూరం ఉంది, ముందు ఎలకలకి, ఆ తరవాతే మనుషులకి. కానీ దీన్ని చంపొచ్చని తెలిసింది పెద్దయ్యా! 'దీన్ని చంపేది దొరికేదాకా దీన్ని బతికించండి' అని ఈ గడ్డ ఇచ్చిన మనిషే చెప్పింది."

తుమాసి మేనకోడలి వైపు తిరిగాడు. "ఇచ్చిన మనిషి... నువ్వేనా?"

అచియా గిన్నె తీసి ఆయన దోసిట్లో పెట్టింది. ఆయన చెవి దగ్గరికి వంగి ఒక్క మాట చెప్పింది.

"పోయిందెవరో నలుగురికీ చెప్పే హక్కు నీది మామయ్యా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "చెప్పు."

ముసలాయన భుజం మీద బట్ట సర్దుకుని, గిన్నెని తల మీదికెత్తాడు. ఆయన గొంతుకి బాకాలవాళ్ళు కూడా ఆగిపోయారు.

"వినండర్రా! ఇవాళ ఎవరైనా ఏడిస్తే ఊరుకునేది లేదు. ఇది మా బిరాగోని పొట్టన పెట్టుకుని, ఆ పిల్ల పోయాక కూడా నాలుగేళ్ళు చావకుండా బతికినదాని శవం!"