బస్తా మూతి

ముందే ఒప్పేసుకుంటా. నాకు చిన్నపిల్లలంటే అంత ఇష్టం లేదు. వాళ్ళ అమ్మానాన్నలంటే ఇంకా లేదు.

అయినా ఆ ఉద్యోగంలో చేరా. నా ఎంసీఏ అయిన ఏడే సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవడం మానేశాయి. నల్లపాడులో ఇంట్లో కూర్చుంటే అమ్మది రోజూ ఒకటే పాట. "కంప్యూటర్లు చదివావుగా, ఈ కందిపప్పులో రాళ్ళేరు." రాళ్ళేరే బదులు ఊళ్ళు తిరగడం నయమనిపించింది.

పని ఇదీ. మూడో తరగతి పిల్లలకి దేశమంతా ఒకే పరీక్ష పెడుతున్నారు. అదేంటో ముందు తల్లిదండ్రులకి అర్థమయ్యేలా చెప్పాలి. తర్వాత నేనే వెళ్ళి పరీక్ష పెట్టాలి. ఆ పూట ఆ బడి మాస్టారు అక్కడ ఉండకూడదని రూలు.

నాకిచ్చిన ఆఖరి ఊరి బడిలో అన్ని తరగతులకీ సంజీవరావు మాస్టారు ఒక్కరే. ఆయన ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే అయిదో తరగతి కొట్టుకుంటుంది. వాళ్ళని విడదీసి వచ్చేసరికి ఒకటో తరగతి ఇంటికెళ్ళిపోయి ఉంటుంది.

"మూడో తరగతిలో సగం మందికి చదవడం రాదమ్మా," అన్నారాయన. "అది ఉన్నదున్నట్టు పైకి తెలిస్తే ఇంకో టీచర్ని ఇస్తారంట. నువ్వు కాస్త వీళ్ళకి నచ్చజెప్పు. అరిచి అరిచి నాకు గొంతు పోయింది."

మిరపకాయల రోజులు. మీటింగంటే బడికి ఎవరొస్తారు? నేనే కల్లానికి వెళ్ళా. ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన కాయ. ఆడవాళ్ళు కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ కాయ ఒక పక్కకి, మంచి కాయ ఒక పక్కకి. నేను నమస్కారం పెట్టబోయి గట్టిగా తుమ్మా.

"శకునం బాగుంది, ఇక చెప్పు," అంది తాలు ఏరుతున్న కోటిరత్నం. కల్లమంతా నవ్వింది.

చెప్పా. ఇందులో పాసూ ఫెయిలూ లేదు. ర్యాంకులు లేవు. పై క్లాసుకి వెళ్ళకుండా ఎవర్నీ ఆపరు.

"మరెందుకు పెట్టడం?" అన్నాడు పేరయ్య. ఊరందరి తరఫునా మాట్లాడే రైతు ఆయనే.

"పిల్లలకి ఎంత వచ్చో తెలుసుకోడానికండి."

"దానికి ఢిల్లీ దాకా ఎందుకు, నన్నడుగు. మావాడికి ఏమీ రాదు."

ఊరూరా ఇదే చెప్పీ చెప్పీ నాకు నీరసం వచ్చేసింది. ఎంత చెప్పినా చివరికి 'మరి మావాడు ఫెయిలైతే?' అనే అడుగుతారు. అప్పుడు ఎదురుగా ఉన్న మిరపకాయల బస్తా కనపడింది.

"గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు ఏం చేస్తాడండీ? బస్తా మూతి విప్పి గుప్పెడు కాయ తీసి చూస్తాడు. దాన్నిబట్టి లాటంతటికీ రేటు కడతాడు. ఇదీ అంతే. మీ పిల్లలే ఆ గుప్పెడు కాయ. వాళ్ళని చూసి బడి సంగతి తేలుస్తారు."

ఏరే చేతులన్నీ ఆగాయి.

"అట్టా చెప్పు మరి!" అన్నాడు పేరయ్య. "ఇందాకట్నుంచీ ఏందేందో చెబుతావేం?"

"పిల్లలు బాగా రాయకపోయినా ఫర్లేదండి. రాదని తేలితేనే ఇంకో మాస్టార్ని ఇస్తారు."

"తాలు కాయ చూసి ఎక్కువ రేటిచ్చే షావుకారు ఎక్కడున్నాడమ్మా?" అంది రహిమున్నీసా, తలెత్తకుండానే. ఆవిడ కూతురు సిద్దికా మూడో తరగతి. "మా పిల్ల తన పేరు కూడా సరిగ్గా రాయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే మాస్టారొకరు వస్తే నాకింకేం కావాలి!"

"వస్తారక్కా. మీరు పిల్లల్ని పంపండి, చాలు."

"బస్తా మూతి ఎట్టా కట్టాలో మాకు చెప్పాలా అమ్మాయ్!" అన్నాడు పేరయ్య. "ఇక మాకు వదిలేయ్. నీ బస్సెళ్ళిపోద్ది, పో."

మళ్ళీ అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఒక్క ఊరికైనా అర్థమయ్యేలా చెప్పానని బస్సులో హాయిగా నిద్రపోయా.

పరీక్ష రోజు మాస్టారు రూలు ప్రకారం ఇంకో ఊరి బడికి వెళ్ళారు. నేను వెళ్ళేసరికే పిల్లలు నున్నగా తలలు దువ్వుకుని వరసల్లో కూర్చునున్నారు. కోతల రోజుల్లో ఏ బడి చూసినా సగం ఖాళీ. ఇక్కడ ఒక్కరూ తగ్గలేదు. హాజరు పిలిచా. "సిద్దికా" అని మళ్ళీ మళ్ళీ పిలిస్తేగానీ ఒక పొడుగు పిల్ల పలకలేదు. పరీక్ష భయం అనుకున్నా.

భయం లేదూ ఏం లేదు. అందరూ చకచకా రాసేస్తున్నారు. ఒకడైతే ప్రశ్నలో అచ్చుతప్పు కూడా చూపించాడు. ఇక ఈ బడికి ఇంకో టీచర్ రావడం కల్లే. ఏం చేస్తాం, వచ్చినవాళ్ళని రానట్టు రాయమనలేం కదా. సంజీవరావు గారు అలసిపోయి అలా అని ఉంటారు, పాపం.

పరీక్ష జరిగినంతసేపూ ఒక చిన్న పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూనే ఉంది. చేతులనిండా మిరపకాయ దుమ్ము. వెళ్ళమని చెయ్యి ఊపితే వంగి దాక్కునేది. మళ్ళీ లేచేది.

పేపర్లన్నీ కవర్లో పెట్టి సీలు వేశా. లోపలి పిల్లలు తుర్రుమన్నారు. ఆ పిల్ల మాత్రం మెట్ల దగ్గరే నిలబడింది. పాపం అనిపించి మిగిలిన పెన్సిలొకటి ఇచ్చా.

"నువ్వు కూడా పెద్దయ్యాక రాద్దువుగాని. నీ పేరేంటి?"

"సిద్దికా, మూడో తరగతి మేడమ్," అంది పెన్సిల్ వాసన చూస్తూ, "తాలు కాయ మూతి దగ్గర కనపడకూడదంట, అందుకని మమ్మల్నందర్నీ కల్లంలో ఉండమని, మా పేర్లతో రాయడానికి గుంటూరు నుంచి మా సమీరక్క వాళ్ళని పిలిపించారు."